రీబిల్డ్ పియానో టోన్ బాలేదా? సూదులు పొడిచే ముందు తీగ మీటి చూడండి

గుంటూరులో మా చర్చి హాల్లో తొమ్మిదడుగుల కాన్సర్ట్ గ్రాండ్ ఉంది. రీబిల్డ్ చేయించాం, కొత్త తీగలు కొత్త హ్యామర్లు (కీ నొక్కితే తీగని కొట్టే సుత్తులు) అన్నీ పడ్డాయి, తీరా చూస్తే మిడిల్ సి (కీబోర్డ్ నడుమ ఉండే సి స్వరం) పైన రెండో ఆక్టేవ్‌లో ఏ స్వరం కొట్టినా టక్కుమని మోగి అక్కడికక్కడే ఆరిపోతోంది. హ్యామర్ల మీది ఫెల్ట్ (ఒత్తిన ఉన్ని) గట్టిగా ఉందండీ, మెత్తబడేలా సూదులు పొడిచేద్దాం అన్నారు వర్క్‌షాప్ వాళ్ళు. నేను వద్దన్నాను, ఎందుకంటే ఎక్కువ పొడిచిన ఫెల్ట్ మళ్ళీ మొదటిలా అవదు.

ముందు ట్యూనింగ్. కొత్త తీగలు సాగుతూనే ఉంటాయి కాబట్టి ఒక్కసారితో అయ్యే పని కాదు, ఒక స్వరానికున్న మూడు తీగల్లో ఒకటి కాస్త దిగినా టోనే పోయినట్టు వినపడుద్ది.

ఇక అసలు పరీక్ష. కీని శబ్దం రాకుండా మెల్లగా నొక్కి పట్టుకుంటే డ్యాంపర్ (తీగ మోతని ఆపే మెత్త) లేస్తుంది, రెండు తీగల్ని రబ్బర్ వెడ్జ్‌తో మూసేసి మిగిలినదాన్ని గోటితో మీటండి, వీణ మీటినట్టే. మీటితే హాయిగా మోగుతూ కీ కొడితే మాత్రం ఆరిపోతుంటే తప్పు హ్యామర్ వైపు. మీటినా ఆరిపోతుంటే హ్యామర్లని ఏం చేసినా దండగ, గొడవ బ్రిడ్జ్ (తీగలు ఆనే చెక్క దిమ్మ) దగ్గరో, దాని కింద శబ్దాన్ని పెంచే పెద్ద చెక్క పలక సౌండ్‌బోర్డ్‌లోనో ఉంది. పైకెళ్ళే కొద్దీ మోత తగ్గడం మామూలే, అందుకని పక్క స్వరాలతో పోల్చే వినండి.

హ్యామర్ వైపు అనుకుంటే డ్యాంపర్లన్నీ లేచేలా కుడి పెడల్ ఎవరిచేతనైనా తొక్కించి, వంకీతో హ్యామర్‌ని తీగలకి ఆనించి ఒక్కో తీగా మీటండి. మోగిన తీగకి హ్యామర్ తగలట్లేదన్నమాట. చివరి ఆక్టేవ్‌లో ఇంకోటి చూడాలి, ఆఖరి స్వరం తీగ అయిదు సెంటీమీటర్లకి అటూఇటూ ఉంటుంది కాబట్టి హ్యామర్ తగిలే చోటు ఒక్క మిల్లీమీటర్ తప్పినా టోన్ పోద్ది, కీబోర్డ్ రెండు చివర్లా ఉండే కీ బ్లాకులు తీసి యాక్షన్‌ని (కీలూ హ్యామర్లూ ఉన్న అమరికని) వెంట్రుకవాసి ముందుకీ వెనక్కీ జరుపుతూ కొట్టి చూడండి.

మాది మీటినా ఆరిపోయింది. పియానో కింద దూరి సౌండ్‌బోర్డ్‌కి అడ్డంగా, ఒక రిబ్ (బోర్డ్ అడుగున అతికించిన చెక్క బద్ద) పక్కనే దారం బిగించి పట్టాను, మధ్యలో సందు కనపడింది, అంటే బోర్డ్‌కి ఉండాల్సిన పైవంపు ఉంది, హమ్మయ్య. తర్వాత చిన్న స్టీల్ పట్టీ తీసుకుని బ్రిడ్జ్ వెనక అంచు మీద తీగకి ఆనించాను. తీగ అక్కడ కిందకి వంగితే పట్టీ అటూఇటూ ఊగాలి. మిగతా చోట్ల ఊగింది, ఆ ఆక్టేవ్‌లో కదల్లేదు! తీగలు బ్రిడ్జ్‌ని నొక్కట్లేదు, ఇక బోర్డ్‌కి శబ్దం ఎలా చేరుద్ది? ఇది మనం చేసుకునే రిపేర్ కాదు, ప్లేట్ (తీగల బిగువు మోసే ఇనప చట్రం) ఎత్తు వర్క్‌షాప్ వాళ్ళే సరిచేయాలి.

ఒంటి తీగే అలలు అలలుగా ఊగుతూ మోగుతుంటే దాని బ్రిడ్జ్ పిన్‌ని (బ్రిడ్జ్ మీద తీగని పట్టి ఉంచే చిన్న మేకుని) స్క్రూడ్రైవర్‌తో పక్కకి నొక్కండి, ఊగడం ఆగితే పిన్ లూజు.

మన ఎండలకి, వానాకాలం తేమకి, ఆదివారం మాత్రమే వేసే ఏసీకి చెక్క ఒక తీరుగా ఉండదు. గదిలో తేమ కొలిచే హైగ్రోమీటర్ పెట్టి తేమ నలభై, యాభై శాతం మధ్య ఉన్నప్పుడే పరీక్షించండి, వర్క్‌షాప్‌కి రాసేటప్పుడు ఆ అంకె, కీ నంబర్, మీటితే ఏమైందో కొడితే ఏమైందో విడివిడిగా రాయండి.