పసుపు తగ్గగానే సంబరపడొద్దు: అడవి పుట్టగొడుగుల్లో ఎంజైమ్ నిరోధకాలు వెతకడం

ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి అడవి పుట్టగొడుగులు తీసుకున్నారా? అయితే ఆల్ఫా గ్లూకోసైడేజ్ టెస్టుతో మొదలెట్టండి. మనం తిన్న పిండిపదార్థాన్ని పేగుల్లో చివరికి గ్లూకోజ్‌గా విడగొట్టేది ఈ ఎంజైమే. దాన్ని అడ్డుకునే అకార్బోజ్‌ని షుగర్ మందుగా ఎప్పట్నుంచో వాడుతున్నారు.

వానలు పడ్డాక అడవికెళ్తే కాగితం సంచులు తీసుకెళ్లండి, ప్లాస్టిక్ కవర్లో చెమ్మ పట్టి సాయంత్రానికే కుళ్లు వాసన కొడతాయి. పీకే ముందే ఫోటో తీసి, ఏ చెట్టు మీదో ఏ పుట్ట పక్కనో రాసుకుని, మొదలుతో సహా తవ్వి తీయండి. రాత్రికి ఒక గొడుగుని తెల్లకాగితం మీద పెట్టి గిన్నె బోర్లిస్తే తెల్లారేసరికి స్పోర్ల అచ్చు పడుతుంది, దాని రంగు గుర్తింపుకి పనికొస్తుంది. రుచి మాత్రం చూడొద్దు. ఒక నమూనా ఎండబెట్టి దాచి, మిగతావి 40 డిగ్రీల దగ్గర ఆరబెట్టి పొడి చేసి, వేడినీళ్లతో ఒకటి, మిథనాల్‌తో ఒకటి, విడివిడిగా సారం తీయండి.

పీహెచ్ 6.8 ఫాస్ఫేట్ బఫర్‌లో ఎంజైమ్‌నీ సారాన్నీ కలిపి 37 డిగ్రీల్లో 10 నిమిషాలు ఉంచాక పీఎన్‌పీజీ వేయాలి. ఇది గ్లూకోజ్‌కి నైట్రోఫినాల్ తగిలించిన రంగులేని పదార్థం. ఎంజైమ్ దాన్ని విరిచినకొద్దీ పసుపు రంగు వస్తుంది, పసుపు తగ్గితే సారం ఎంజైమ్‌ని అడ్డుకుందని లెక్క. 20 నిమిషాలకి సోడియం కార్బొనేట్‌తో ఆపి 405 నానోమీటర్ల దగ్గర రీడింగ్ తీసుకోండి.

అసలు తిప్పలు ఇక్కడే. సారమే డికాక్షన్ రంగులో ఉంటుంది, పైగా పుట్టగొడుగుకి సొంత గ్లూకోసైడేజ్ ఉండి అదే పీఎన్‌పీజీని విరిచేయొచ్చు. అందుకే ప్రతి గాఢతకీ ఎంజైమ్ లేకుండా, సారం, పీఎన్‌పీజీ, బఫర్ మాత్రమే ఉన్న బ్లాంక్ పెట్టి ఆ రీడింగ్ తీసేయాలి. ఇక 0.01 శాతం ట్రైటాన్ ఎక్స్-100 (ఒక రకం డిటర్జెంట్) కలిపి మళ్లీ చేయండి, నిరోధం మాయమైతే మీ సారంలోవి ముద్దలు కట్టి ఎంజైమ్‌ని చుట్టేశాయనే అనుమానించాలి.

"అకార్బోజ్ కన్నా ఎన్నో రెట్లు మేలు" అని పేపర్లలో కనిపిస్తే నేనైతే ముందు ఏ ఎంజైమ్ వాడారో చూస్తాను. చవగ్గా దొరికే ఈస్ట్ ఎంజైమ్ మీద అకార్బోజ్ ప్రభావం చాలా తక్కువ, దాన్ని ఓడించడం గొప్పేం కాదు! నిలబడ్డ సారాలని ఎలుక పేగు పొడి నుంచి తీసిన ఎంజైమ్ మీద, మాల్టోజ్ వేసి, గ్లూకోజ్ కిట్‌తో కొలిచి చూడండి.