వానలో పాత రేసు కారు ఎక్కే ముందు

కంప్యూటర్ రేసింగ్ ఆటలో (సిమ్ రేసింగ్) పాత కారును వానలో నడపడం గురించి ఇది. ముందు బయటి వాన సంగతి. మా కావలిలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ముసురు పడితే కరెంటు ఎప్పుడు పోతుందో తెలీదు. పీసీకి యూపీఎస్ తప్పనిసరి. అది పీసీకి తగిలించిన స్టీరింగ్ వీల్ లోడు కూడా మోస్తుందో లేదో చూసుకోండి.

బొటనవేళ్లు వీల్ చువ్వల్లో ఇరికించొద్దు. ఆటలో కారు గోడకు గుద్దితే లోపలి మోటారు వీల్‌ను గిర్రున తిప్పుతుంది, వేలు వాస్తుంది.

ఇక కారు. 1967 నాటి ఫార్ములా వన్ కారు లోటస్ 49కి నేలకు అదిమిపట్టే రెక్కలు లేవు, బ్రేకేస్తే చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ లేదు, చక్రాలు ఊరికే తిరగకుండా ఆపే ట్రాక్షన్ కంట్రోల్ లేదు. దాదాపు 500 కిలోల బండికి 400 హార్స్‌పవర్. తడిలో యాక్సిలరేటర్‌ను గుడ్డు మీద కాలు పెట్టినట్టు నొక్కాలి. గేరు కాస్త ముందే పెంచండి. సెటప్‌లో బ్రేక్ బయాస్ (ముందు, వెనక చక్రాల మధ్య బ్రేకు పంపకం) ఒకటి రెండు శాతం వెనక్కి జరిపి, ప్రాక్టీసులో నాలుగు ల్యాప్‌లు తిప్పి చూడండి.

అన్నిటికన్నా ముఖ్యం, ఎండలో అలవాటైన లైన్‌ను, అంటే కార్లు ఎప్పుడూ పోయే దారిని, వదిలెయ్యడం. అక్కడ పేరుకున్న రబ్బరు తడిస్తే నాచులా జారుతుంది. మలుపులో కాస్త బయటి నుంచి పోయి పట్టు వెతకండి. ఆరేటప్పుడు మాత్రం మొదట ఆరేది కార్లు తిరిగే ఆ లైనే.

జర్మనీలోని పాత నూర్‌బుర్గ్‌రింగ్ ట్రాక్ ఒక ల్యాప్ 22.8 కిలోమీటర్లు. నెల్లూరులో ఎండ, కావలిలో జల్లు అన్నట్టే ఉంటుంది అక్కడ. 1968లో ఫార్ములా వన్ రేసర్ జాకీ స్టీవర్ట్ మణికట్టు గాయంతోనే, వానలో, పొగమంచులో అక్కడ నాలుగు నిమిషాలకు పైగా తేడాతో గెలిచాడు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

మొదటి ల్యాప్‌లో టైర్లు చల్లగా ఉంటాయి, ఎవరినీ దాటొద్దు.