భస్మ బుధవారానికి బూడిద తయారుచేసే పద్ధతి

క్రైస్తవుల ఉపవాస కాలం మొదలయ్యే భస్మ బుధవారానికి ఆ పేరు ఆ రోజు నుదుట పెట్టే బూడిద వల్లే వచ్చింది. విభూది బుధవారం అని కూడా అంటారు. 1091లో ఇటలీలోని బెనెవెంటోలో జరిగిన చర్చి పెద్దల సభ విశ్వాసులందరూ బూడిద ధరించాలని నిర్ణయించింది. ఈ రోజు ఈస్టరుకు 46 రోజుల ముందు వస్తుంది. నడుమ వచ్చే ఆరు ఆదివారాలు తీసేస్తే ఉపవాస దినాలు 40. 2027లో ఈస్టరు మార్చి 28, కాబట్టి భస్మ బుధవారం ఫిబ్రవరి 10.

బూడిదకు నిరుడు మట్టల ఆదివారం (ఈస్టరుకు ముందు వచ్చే ఆదివారం) నాడు ఆశీర్వదించిన మట్టలు వాడటం ఆచారం. వారం ముందే సేకరించి రిబ్బన్లు, పిన్నులు, దారాలు తీసేయండి. ఆకు వంచితే పుటుక్కున విరగాలి. పచ్చి ఉంటే పొగే తప్ప మంట రాదు. వేలెడు ముక్కలుగా కత్తిరించి, ఆరుబయట ఇనుప మూకుడులో కొద్దికొద్దిగా వేసి కాల్చండి. ముక్కలు బాగా నల్లబడగానే మూత పెట్టేయాలి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే: తెల్లబడేదాకా కాలిస్తే సిలువ గుర్తు సరిగా కనబడదు. పూర్తిగా చల్లారాక మెత్తగా నూరి, పలుచని బట్టలో జల్లించండి. ఈనె ముక్కలు మిగిలితే నుదురు గీసుకుంటుంది.

ముద్ద చేయడానికి నీళ్లు మాత్రం అస్సలు పోయొద్దు. బూడిదలోని క్షారం నీళ్లలో కరిగి చర్మాన్ని కాలుస్తుంది, పిల్లలకైతే మరీ ప్రమాదం. గురువు తీర్థజలం చిలకరించేటప్పుడూ కొన్ని చుక్కలే చాలు. అంటుకోవాలంటే రెండు చెంచాల బూడిదకు నాలుగైదు చుక్కల ఆలివ్ నూనె కలపండి.

మిగిలిన బూడిదను చెత్తలో వేయకుండా మొక్కల మొదట్లో మట్టిలో కలిపేయండి.