చెరువు మీద నీటిపక్షుల లెక్క: జనవరి గణనకు వెళ్లేవారికి

ఆసియా నీటిపక్షుల గణన 1987 నుంచి ఏటా జనవరిలో జరుగుతోంది. వలస బాతులు, ఉల్లంకులు (బురదలో, నీటి అంచున మేత వెతుక్కునే పక్షులు) అప్పటికి మన చెరువుల్లో కుదురుకుని ఉంటాయి, తిరుగు ప్రయాణం ఇంకా మొదలుకాదు. పక్షుల పేర్లన్నీ వచ్చి ఉండాలని ఏమీ లేదు. ఓపిగ్గా లెక్కపెట్టేవాళ్లూ, తప్పు లేకుండా రాసేవాళ్లూ అంతే అవసరం.

ముందు మీ రాష్ట్ర సమన్వయకర్తతో మాట్లాడి ఏ చెరువు, ఎక్కడి నుంచి ఎక్కడి దాకా అన్నది తేల్చుకోండి. పోయినేడాది ఏ గట్టు మీద నిలబడి లెక్కపెట్టారో ఈసారీ అక్కడే నిలబడాలి. చోటు మారిస్తే, తగ్గింది పక్షులో మనకు కనిపించిన మేరో చెప్పలేం.

ఎనిమిది రెట్లు పెద్దగా చూపే 8×42 బైనాక్యులర్ చాలు, పెద్ద చెరువుకు మాత్రం ట్రైపాడ్ మీద స్పాటింగ్ స్కోప్ (ఇంకా దూరం చూపే ఒంటి గొట్టం దుర్బిణి) కావాలి. పెన్ను వద్దు, పెన్సిల్ తీసుకెళ్లండి. మంచుకు తడిసిన కాగితం మీద సిరా అలుక్కుపోతుంది. ఒకరు చూసి చెప్పాలి, ఇంకొకరు రాయాలి. స్కోప్ నుంచి కన్ను తీశారంటే గుంపులో ఎక్కడ ఆగారో మళ్లీ దొరకదు.

వెలుగు బాగా వచ్చాక మొదలుపెట్టి ఎండ ముదరకముందే ముగించండి. సూర్యుడు మీ వీపు వెనక ఉండాలి, ఎదురెండలో బాతులన్నీ నల్లటి ముద్దలే. సముద్రతీరపు బురద నేలల్లో గడియారం కన్నా పోటు చూసుకోవాలి. పోటు మీదున్నప్పుడు ఉల్లంకులు ఒకచోట చేరతాయి, నీరు తీస్తే మైళ్ల కొద్దీ చెదిరిపోతాయి.

ఇక పెద్ద గుంపు. ముందు ఒక అంచున పది పక్షులను ఒక్కొక్కటిగా లెక్కపెట్టండి. అలా పదిసార్లు జరిగి, వంద పక్షులు ఎంత వెడల్పున ఉన్నాయో కంటికి పట్టించుకోండి. ఆ కొలతతో గుంపు చివరిదాకా జరగండి. 14 కొలతలు పడితే 1,400. అయితే గుంపు నడుమ పక్షులు ఒత్తుగా, అంచుల్లో పలచగా ఉంటాయి. అంచు కొలతను నడుముకు వాడితే లెక్క బాగా తగ్గిపోతుంది కాబట్టి ఒత్తుగా ఉన్నచోట కొలత మళ్లీ తీసుకోవాలి. రెండు మూడు జాతులు కలిసి ఉంటే మొత్తం తేలాక మూడు వేర్వేరు చోట్ల వందేసి పక్షులు చూడండి. సగటున వందకు 60 సూదితోక బాతులు, 40 బొల్లికోళ్లు వస్తే 840, 560 అని రాయండి.

గద్ద వచ్చి అన్నీ లేస్తే తొందరపడకండి, దిగేదాకా ఆగి మొదటి నుంచి లెక్కపెట్టండి. లెక్కపెట్టిన వైపు నుంచి ఎగిరి ముందుకు పోయి వాలిన పక్షులను రెండోసారి కలపకూడదు. బుడబుంగలు నీటిలో మునిగి మునిగి తేలుతుంటాయి. మూడుసార్లు లెక్కపెట్టి ఎక్కువ వచ్చిన సంఖ్య తీసుకోండి. పక్కపక్క చెరువులను వేర్వేరు రోజుల్లో చూస్తే అవే నీటికాకులు రెండుచోట్లా లెక్కకొస్తాయి. రెండు జట్లు ఒకే పొద్దున వెళ్లడం మేలు.

ఏ ఉల్లంకో తెలియకపోతే ఊహించి పేరు పెట్టొద్దు, ‘గుర్తించని ఉల్లంకులు 35’ అని రాయండి. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు పెట్టిన చెట్ల దగ్గరికి మాత్రం వెళ్లకండి, పెద్దవి లేచిపోతే గుడ్లు, పిల్లలు కాకుల పాలవుతాయి. మొదలుపెట్టిన, ముగించిన సమయాలు, నీటిమట్టం, వలలు, పూడిక కూడా గణన ఫారంలో నింపండి. చెరువు ఎండి ఒక్క పక్షీ లేకపోయినా సున్నా వేసి పంపండి.