మామిడి మఫిన్లకు పిండి కలిపే ముందు

సగం జాగ్రత్త పండు దగ్గరే ఉంది. ఉలవపాడు బంగినపల్లి బాగా మగ్గితే కోస్తుంటేనే రసం మోచేతి దాకా కారుతుంది. అలాంటిది మఫిన్లకు పనికిరాదు, హాయిగా తినేయండి. నొక్కితే కాస్త గట్టిగా తగిలే పండు తీసుకుని శనగగింజంత ముక్కలు కోయండి. జల్లెడలో పది నిమిషాలు ఉంచితే రసం దిగిపోతుంది. ఆపైన చెంచా మైదా చల్లి కలిపితే ముక్కలు అడుక్కి చేరడం తగ్గుతుంది. దిగిన రసం పారబోయకండి, తాగేవాళ్లు ఇంట్లోనే ఉంటారు.

తర్వాత బేకింగ్ పౌడర్. మన సముద్రపు గాలికి మూత సరిగ్గా పెట్టని డబ్బాలో గడ్డ కట్టేస్తుంది. అర చెంచా పౌడర్ తీసి వేడినీళ్లలో వేసి చూడండి. బుసబుసా పొంగకపోతే కొత్తది కొనాల్సిందే.

- ఓవెన్ 180 డిగ్రీల దగ్గర ముందే 10–15 నిమిషాలు వేడెక్కాలి. ప్లగ్గు 16 ఆంపియర్ల సాకెట్‌లోనే పెట్టండి, ఎక్స్‌టెన్షన్ బాక్సు వద్దు.
- కరెంటు కోత ఉందేమో కనుక్కోండి. సగం ఉడికాక పోతే మఫిన్లు కుంగిపోతాయి.
- గుడ్లు ఒక్కొక్కటీ వేరే గిన్నెలో కొట్టి చూసుకోండి.
- గూడూరు నిమ్మకాయ తొక్క పైపైనే తురమండి. తెల్లభాగం చేదు.
- కప్పుల్లో కాగితాలు ముందే సర్దుకోండి.

తడివి, పొడివి కలిపాక ఆలస్యం చేయొద్దు. పొడిపిండి కనపడకపోతే చాలు, చిన్న ఉండలున్నా టెన్షన్ పడక్కర్లేదు. ఎక్కువ కలిపితే రబ్బరులా సాగుతాయి. కప్పు ముప్పావు వరకే నింపండి. వేడి ట్రే దించే చోటు, మందపాటి గుడ్డ ముందే చూసి పెట్టుకోండి. ఆ గుడ్డ తడిగా ఉండకూడదు, చెయ్యి కాలుతుంది.