కార్డు రీడర్‌లో చిప్పు (మెమరీ కార్డు) ఓపెన్ కావడం లేదా? సమస్య - పరిష్కారం

కార్డు రీడర్ పని చేయడం లేదని వచ్చేవాళ్లలో చాలామంది అప్పటికే పది వీడియోలు చూసి ఉంటారు. డ్రైవర్లు తీసి మళ్లీ వేసి ఉంటారు, రిజిస్ట్రీలో వేలు పెట్టి ఉంటారు. అదే చిప్పును తిరిగి ఫోన్‌లోనో కెమెరాలోనో పెట్టి చూశారా అంటే మాత్రం లేదంటారు. ముందు ఆ ఒక్క పని చేయండి. అక్కడ ఫొటోలు కనిపిస్తే చిప్పు బాగున్నట్టే, తప్పు రీడర్‌లోనో పోర్టులోనో మధ్యలో ఉన్న అడాప్టర్‌లోనో ఉంది. అక్కడా కనిపించకపోతే రీడర్‌ని తిట్టి లాభం లేదు.

రీడర్ పెట్టినా చలనం లేదు

సీపీయూ ముందు వైపు పోర్టులో పెట్టారా? తీసి వెనక పోర్టులో పెట్టండి. వెనకవి నేరుగా మదర్‌బోర్డు మీదే ఉంటాయి. ముందువి లోపల ఒక సన్నని కేబుల్ మీద ఆధారపడతాయి, అది వదులుగా ఉందంటే రీడర్ వస్తూ పోతూ ఉంటుంది. పొడవాటి ఎక్స్‌టెన్షన్ వైరు, చవక హబ్బు ఉంటే అవీ తీసేయండి.

ఖాళీ రీడర్ పెట్టి, దిస్ పీసీలో డ్రైవ్ కనిపించడం లేదని కంగారు పడేవాళ్లూ ఉన్నారు. విండోస్ 7 నుంచి ఖాళీ డ్రైవ్‌లను విండోసే దాచేస్తుంది. చిప్పు పెట్టాక చూడండి.

చిప్పు పెట్టినా రాకపోతే స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. అసలు సంగతి అక్కడ తెలుస్తుంది. నో మీడియా అని ఉంటే రీడర్‌ని కంప్యూటర్ గుర్తించింది, చిప్పే రీడర్‌కి అందడం లేదు. సైజు సరిగ్గా చూపిస్తూ డ్రైవ్ అక్షరం మాత్రం లేకపోతే రైట్ క్లిక్ చేసి ఒక అక్షరం ఇవ్వండి, పని అయిపోతుంది. రా (RAW, అంటే లోపలున్నది విండోస్‌కి అర్థం కాలేదు) అని ఉంటే, ఫార్మాట్ గురించి కింద రాసింది చదివేదాకా దేన్నీ నొక్కకండి.

రైట్ ప్రొటెక్టెడ్ (రాయడానికి వీల్లేదు) అంటోంది, కాపీ మధ్యలో ఆగుతోంది, ఒకసారి వస్తే ఒకసారి రాదు

ఇవి మూడు వేరు వేరు జబ్బుల్లా కనిపిస్తాయి కానీ నా దగ్గరికి వచ్చినవాటిలో ఎక్కువ భాగం ఒకే చోట తేలాయి: మైక్రో చిప్పుకి తొడిగే ఆ ప్లాస్టిక్ అడాప్టర్. చిప్పు కొంటే ఊరికే ఇస్తారు కదా అని దాన్నెవరూ అనుమానించరు. చిప్పు మారుస్తారు, రీడర్ మారుస్తారు, విండోస్ కూడా కొత్తగా వేయిస్తారు. అడాప్టర్ మాత్రం పాతదే ఉంటుంది!

దాని లోపల పెద్ద సరంజామా ఏమీ లేదు. మైక్రో చిప్పు మీది 8 కాంటాక్టుల్ని పెద్ద ఎస్‌డీ కార్డు కాంటాక్టులకి కలిపే సన్నని స్ప్రింగు రేకులు, అంతే. రోజూ చిప్పును తీస్తూ పెడుతూ ఉంటే ఆ రేకులు వంగిపోతాయి. ఒక్క రేకు సరిగ్గా ఆనకపోయినా చాలు, ఒకసారి నో మీడియా అంటుంది, ఇంకోసారి ఫోల్డర్లు వస్తాయి, సగం కాపీ అయ్యాక డ్రైవ్ మాయమవుతుంది. నేను పట్టుకునే గుర్తు ఇదే. చిప్పే పాడైతే దాదాపు ఎప్పుడూ ఒకే ఎర్రర్ వస్తుంది. పెట్టిన ప్రతిసారీ కొత్త ఎర్రర్ వస్తుంటే కాంటాక్టు దగ్గర లోపం.

ఇక లాక్. అడాప్టర్ ఎడమ పక్కన చిన్న మీట ఉంటుంది. కాంటాక్టుల వైపుకి, అంటే పైకి ఉంటే రాయొచ్చు, కిందికి ఉంటే లాక్. చవక అడాప్టర్లలో ఈ మీట వదులైపోతుంది. మీరు పైకే జరిపి పెట్టినా, స్లాట్‌లోకి తోసేటప్పుడు అంచు తగిలి కిందికి జారుతుంది. బయటికి తీసి చూస్తే లాక్ పడి ఉంటుంది, మళ్లీ జరుపుతారు, మళ్లీ అదే కథ.

ఇంకో సంగతి, ఆ మీటకి లోపలి మెమరీతో ఏ సంబంధమూ లేదు. అది ఎక్కడుందో రీడర్ స్లాట్‌లోని చిన్న స్విచ్ తడిమి చూసుకుంటుంది, లాక్ ఉందని కంప్యూటర్‌కి చెబుతుంది. కాబట్టి విండోస్‌లోని డిస్క్‌పార్ట్ అనే టూల్‌లో రీడ్ ఓన్లీ తీసేసే కమాండ్లు ఎన్ని కొట్టినా ఈ లాక్ పోదు. ఊరటనిచ్చే విషయం ఏమిటంటే లాక్ రాయడాన్నే ఆపుతుంది. ఫొటోలు కంప్యూటర్‌లోకి తెచ్చుకోవడానికి అడ్డు కాదు.

పరిష్కారం చాలా తేలిక. మీ రీడర్‌ని ఒకసారి తిప్పి చూడండి. చాలా రీడర్లకు పెద్ద స్లాట్ పక్కనే మైక్రో చిప్పుకి విడిగా చిన్న స్లాట్ ఉంటుంది. అడాప్టర్ పక్కన పడేసి చిప్పును నేరుగా అందులో పెట్టండి. ఆ స్లాట్ లేకపోతే వేరే అడాప్టర్‌తో చూడండి. మైక్రో చిప్పుకి అసలు లాకే ఉండదు కనుక ఆ గొడవా తీరుతుంది. కెమెరాలోని పెద్ద ఎస్‌డీ కార్డుకే మీట ఊడిపోతే, మీట ఉండాల్సిన గాడి మీద సన్నని సెల్లోటేపు ముక్క అంటించండి. కాంటాక్టుల మీదికి రానివ్వకండి. టేపు ఊడి స్లాట్‌లో ఇరుక్కునే ప్రమాదం ఉంది, కాబట్టి పని కాగానే కార్డు మార్చేయండి.

దీన్ని ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. వంగిన రేకుల మీద రాసేటప్పుడు కాంటాక్టు పోతే ఫైల్ సిస్టమ్ (ఏ ఫైలు ఎక్కడుందో రాసుకునే పట్టిక) నిజంగానే దెబ్బతింటుంది. అప్పుడు విండోస్ ఫార్మాట్ చేయమంటుంది, మనవాళ్లు ఓకే కొడతారు. పది రూపాయల ప్లాస్టిక్ ముక్కతో పోయేది పెళ్లి ఫొటోల దాకా వస్తుంది.

ఫార్మాట్ చేయమని అడుగుతోంది

క్యాన్సిల్ కొట్టండి. అడాప్టర్ మార్చి, పోర్టు మార్చి మళ్లీ చూడండి. చిప్పు ఫోన్‌లో బాగానే తెరుచుకుంటూ కంప్యూటర్‌లో మాత్రమే ఫార్మాట్ అడిగితే, దాన్ని ఫోన్‌లో ఇంటర్నల్ స్టోరేజ్‌గా పెట్టుకున్నారేమో గుర్తు చేసుకోండి. ఆండ్రాయిడ్ 6 నుంచి ఈ సదుపాయం ఉంది. అలా పెడితే చిప్పు ఎన్‌క్రిప్ట్ అవుతుంది, తాళం ఆ ఫోన్‌లోనే ఉంటుంది. ఏ రీడర్‌లో పెట్టినా చదవలేరు. ఫోన్‌ని కేబుల్‌తో కలిపి కాపీ చేసుకోవడమే దారి. ఈలోపు ఫోన్ రీసెట్ చేశారంటే ఆ డేటా మీద ఆశ వదులుకోవాలి.

ఫోన్‌లోనూ కెమెరాలోనూ రాకపోతే ఆ చిప్పు మీద ఇంకేమీ రాయకండి. ఫొటోరెక్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో వెతికించి, దొరికినవాటిని హార్డ్ డిస్క్‌లోకి తీసుకోండి, అదే చిప్పులోకి వద్దు.

మిగతావి

రీడర్ మరీ పాతదైతే పెద్ద చిప్పులు చదవదు. 2 జీబీ దాటినవి ఎస్‌డీహెచ్‌సీ రకం, 32 జీబీ దాటినవి ఎస్‌డీఎక్స్‌సీ రకం. రీడర్ మీద ఏం రాసుందో చూసుకోండి, లేకపోతే కొత్తది కొనండి. ఇంకా విండోస్ ఎక్స్‌పీ వాడేవాళ్లకి 64 జీబీ చిప్పు తెరుచుకోదు, అంత పెద్ద చిప్పుల్లో ఉండే ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్ కోసం అప్‌డేట్ వేయాలి. కాపీ నెమ్మదిగా ఉందంటే రీడర్ యూఎస్‌బీ 2.0 అయి ఉండొచ్చు, అది జబ్బు కాదు.

ఫైళ్లు డిలీట్ చేసినా, ఫార్మాట్ చేసినా, తీసి పెట్టగానే పాతవన్నీ తిరిగి వస్తున్నాయంటే చిప్పు ఆయుష్షు అయిపోయింది. చదవనిస్తున్నప్పుడే అన్నీ కాపీ చేసుకోండి. 512 జీబీ అని చెప్పి చవకగా అమ్మిన చిప్పులో కొంత నిండాక ఫైళ్లు తెరుచుకోకపోతే అది దొంగ సరుకు. హెచ్‌2టెస్ట్‌డబ్ల్యూ అనే ప్రోగ్రామ్ నడిపితే అసలు సైజు బయటపడుతుంది. నడిపే ముందు చిప్పు ఖాళీ చేసుకోండి, పరీక్షకి గంటలు పడుతుంది.