స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్: గుంపు రెండుగా చీలితే ఏం చూడాలి?

నిన్నటిదాకా పది మీటర్ల దూరంలో రూపాయి బిళ్లంత చోట పడిన పెల్లెట్లు (ఎయిర్ రైఫిల్ గుళ్లు) ఇవాళ రెండు గుంపులుగా పడుతున్నాయి. సైట్ (గురి చూసే భాగం) తిప్పితే రెండూ కలిసే జరుగుతాయి, ఒక్కటి మాత్రం కావు. ఈ లక్షణం కనిపిస్తే సైట్‌ను వదిలేయండి, తప్పు అక్కడ లేదు.

రైఫిల్ ఖాళీ చేసి, కాక్ చేయకుండా (స్ప్రింగ్‌ను నొక్కి పేల్చడానికి సిద్ధం చేయకుండా), స్టాక్ స్క్రూలు, అంటే చెక్క పిడిని ఇనుముకు పట్టి ఉంచేవి, అన్నీ బిగించి చూడండి. రెండు నిమిషాల పని. స్ప్రింగ్ రైఫిల్ పేల్చిన ప్రతిసారీ ముందుకీ వెనక్కీ కుదుపు వస్తుంది, దానికి స్క్రూలు వదులవుతాయి. ఇది చూడకుండా కొత్త పెల్లెట్ డబ్బాలు కొనేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది.

"బిగించానన్నా, గట్టిగానే ఉంది" అంటారు. అసలు మోసం అక్కడే ఉంది.

నల్గొండలో మా దగ్గర నేర్చుకునే ఒక అబ్బాయికి ఎడమచేతి వాటం. మహబూబ్‌నగర్‌లో వడ్రంగి దగ్గర టేకుతో ప్రత్యేకంగా స్టాక్ చేయించుకున్నాడు. చలికాలమంతా చక్కగా కొట్టాడు. రోళ్లు పగిలే రోహిణి కార్తె వచ్చేసరికి గుంపు చీలింది. స్క్రూలు కదలడం లేదు. నేనూ పట్టి చూశాను, రాయిలా ఉన్నాయి. పదిహేను రోజులు పెల్లెట్లనూ, వాడి పట్టునూ అనుమానించాను. చివరికి రైఫిల్ ఒళ్లో పెట్టుకుని, ఇనుమూ చెక్కా కలిసే గీత మీద వేలి కొన ఆనించి, రెండో చేత్తో బ్యారెల్‌ను మెల్లగా నొక్కాను. వేలి కింద చిన్నగా 'టక్' మంది.

చెక్క ఎండి సన్నబడింది. ట్రిగ్గర్ గార్డ్ (ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మీ) ముందు స్క్రూ వెళ్లి బిగిసే ఇనుములోని రంధ్రం అటువైపు మూసి ఉంది. స్క్రూ కొన దాని అడుగుకు తగిలి ఆగిపోతోంది. చేతికి బిగుసుకున్నట్టే ఉంటుంది, చెక్కను మాత్రం పట్టుకోదు.

ఇలా తేల్చుకోండి. స్టాక్ విప్పి, ఆ స్క్రూను చెక్క లేకుండా ఇనుములోని రంధ్రంలో ఆగేదాకా తిప్పండి. తల కింద ఎంత పొడవు బయట మిగిలిందో స్కేలుతో కొలవండి. స్టాక్‌లో అదే చోట చెక్క మందం అంతకంటే ఎక్కువ ఉండాలి. సమానంగానో తక్కువగానో ఉంటే దొంగ దొరికినట్టే. తల కింద పలచని ఇత్తడి వాషర్ వేయండి, లేదా స్క్రూ కొనను మిల్లీమీటరు అరగదీయండి. మేం వాషరే వేశాం. ఆ సాయంత్రమే గుంపు ఒక్కటైంది. తర్వాత స్క్రూ తల మీదుగా చెక్క మీదికి గోళ్ల రంగుతో ఒక గీత గీయండి. స్క్రూ తిరిగితే గీత తప్పుతుంది.

బిగింపు సరిగ్గా ఉన్నా చెదురుతుంటే, బ్రీచ్ సీల్ (బ్యారెల్ వెనక కొన దగ్గర గాలి బయటికి పోకుండా ఆపే రింగు) మీద టిష్యూ ముక్క పెట్టి పేల్చండి. అది ఎగిరితే గాలి లీకవుతోంది, సీల్ మార్చండి. అంచు నొక్కుకుపోయిన పెల్లెట్లు పారేయండి. స్ప్రింగ్ విరిగిందా, బ్యారెల్ మూతి దెబ్బతిందా అన్నది ఇవన్నీ అయ్యాక చూడండి.

గట్టి స్ప్రింగ్ వేస్తే సరిపోతుందనే సలహా వినకండి. కుదుపు ఇంకా పెరుగుతుంది. పైగా మన దేశంలో లైసెన్స్ అక్కర్లేనిది 0.177 అంగుళాల బోరు (బ్యారెల్ లోపలి వెడల్పు), 20 జౌల్స్ లోపు శక్తి ఉన్న ఎయిర్ రైఫిల్‌కే.

మృగశిర వానలు మొదలయ్యాక చెక్క మళ్లీ ఉబ్బుతుంది. అప్పుడు స్క్రూను పావు చుట్టు వదులు చేసి, చేతికి తగినంతే తిరిగి బిగించి, గీత కొత్తగా గీసుకోండి.